కథలోకి పిలవని మనిషి ఎక్కి కూర్చున్నాడు. ఉండనివ్వాలా, దించేయాలా?

కాటా రూము (చిత్తూరు) అడిగినది

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరు రాసేవి చదవడమే గానీ నేను రాయడం ఇదే మొదటిసారి. ప్రశ్న చిన్నదే. కానీ ముందు సంగతి చెప్పకపోతే అర్థం కాదు, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి, అంటే బండ్లు తూచే కాటా, చూసుకుంటాను. ఏడాదంతా ఉండే ఉద్యోగం కాదు, సీజన్ పని. జూన్‌లో మొదలై ఆగస్టు మొదట్లో అయిపోతుంది. మిగతా నెలలు మా మామ ఎరువుల అంగట్లో లెక్కలు రాస్తాను. సీజన్‌లో నాది రాత్రి డ్యూటీ. తోతాపురి కాయ వేసుకొచ్చిన ట్రాక్టర్లు గేటు బయట, రోడ్డు పక్కన, కనుచూపు మేర నిలబడి ఉంటాయి. టోకెన్ ప్రకారం ఒక్కోటి లోపలికి వస్తుంది. లోడుతో ఒకసారి, కాయ దించాక ఖాళీగా ఇంకోసారి కాటా ఎక్కుతుంది. రెండింటికీ తేడా నికరం. బటన్ నొక్కితే స్లిప్పు ప్రింటవుతుంది. ఒక బండి దిగి ఇంకోటి ఎక్కేలోపు పది నిమిషాలు దొరుకుతాయి. దించే చోట ఆలస్యమైతే గంట కూడా దొరుకుతుంది. ఆ టైములో పాడైపోయిన స్లిప్పుల వెనకవైపు కథలు రాసుకుంటాను. నాలుగేళ్లలో ఏడు కథలు రాశాను. రెండు అచ్చయ్యాయి. ఒకదానికి డబ్బులు కూడా వచ్చాయి, మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఈసారి సంక్రాంతి కథల పోటీకి ఒకటి మొదలుపెట్టాను. 1,500 పదాలు మించకూడదన్నారు. కథ మొత్తం ముందే అనుకున్నాను. మునిరత్నం అని ఒక రైతు. అరవై ఏళ్ల మనిషి. బాడుగ ట్రాక్టరులో కాయ వేసుకుని వచ్చి గేటు బయట మూడు రాత్రులు కాచుకుంటాడు. మొదటి రాత్రి ఆశగా ఉంటాడు. 2025 సీజన్‌లో కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలని ప్రకటించారు కదా, ఆ లెక్క వేళ్ల మీద వేసుకుంటూ పడుకుంటాడు. రెండో రాత్రి లోడు అడుగున కాయ వేడెక్కి రసం కారడం మొదలవుతుంది. ఆ వాసన మీకు తెలుసో లేదో. మొదట తియ్యగా ఉంటుంది, తెల్లారేసరికి కల్లు వాసన వస్తుంది. మూడో రాత్రి లోడంతా తీసుకెళ్లి చెరువు కట్ట మీద పారబోసి ఇంటికి పోతాడు. అంతే కథ. చదివినవాళ్లకు గొంతు పట్టేయాలని నా ఉద్దేశం.

మొన్న రెండో రాత్రి రాస్తున్నాను. అనుకున్న ప్రకారం మునిరత్నం బావమరిది సంగటి క్యారియర్ తీసుకుని రావాలి. ‘వెనక చక్రం మీద కాలు పెట్టి ఎవరో పైకెక్కారు’ అని రాశాను. ఆ తర్వాతి వాక్యంలో బావమరిది రాలేదు. చీర కట్టుకున్న మగమనిషి వచ్చాడు. ముఖం నిండా పసుపు, నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతిలో వేపమండ, పెదవి మీద గీయని మీసం. వచ్చి కాయల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ‘సామీ, ఒక కాయ ఇయ్యి’ అన్నాడు.

మాతంగి వేషం. మన గంగజాతరలో మగవాళ్లు వేసే వేషమే. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ నేను దాని గురించి ఆలోచించనే లేదు. చేతిలో పెన్ను ఉంది, అది రాసింది, అంతే. రాత్రి రెండున్నరకు చన్నీళ్లు మీద పోసినట్టయింది.

ఇప్పుడు నా టెన్షన్ వినండి. జాతర అయ్యేది మే నెలలో. మా ట్రాక్టర్ల వరస జూలైలో. రెండు నెలల తర్వాత చీర కట్టుకుని రోడ్డు మీద తిరిగేవాడెవడు? పైగా నాది ఏడుపు కథ. మా ఆవిడకు చదివి వినిపిస్తే ఆ చోట పకపకా నవ్వింది. పదాలు కూడా సరిపోవు. ఆ మనిషిని తీసేద్దామని రెండుసార్లు కొట్టేశాను. కొట్టేశాక మిగతా కథ రాయబుద్ధి కావడం లేదు. స్లిప్పు ముందర పెట్టుకుని కూర్చుంటే మునిరత్నం ఏం చేస్తాడనేది తోచడం లేదు, ఆ చీర మనిషి కాయ తిన్నాడా లేదా అనేదే తిరుగుతోంది.

ఇట్లా పిలవకుండా వచ్చే ఆలోచనను మీరేం చేస్తారు? వెంటబడి పోతారా, దించేసి మీ దారిన మీరు పోతారా? పోటీ గడువుకు ఇంకా ఇరవై రోజులుంది.

బొగ్గుపుల్ల (శ్రీకాళహస్తి)

అన్నా, నేను కథలు రాయను, చదువుతాను. మాది కలంకారీ పని. మీ ప్రశ్న చూసి మా నాయన గుర్తొచ్చి రాస్తున్నాను.

మా పనిలో ముందు గుడ్డను కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. పాల జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. తర్వాత చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుంటాం. నచ్చకపోతే దులిపితే పోతుంది. దాని మీద వెదురు కలంతో నల్లరంగు వేస్తాం. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి వారాల తరబడి నీళ్లలో పులియబెడితే వచ్చే రంగు అది. కలంలో ఉన్నప్పుడు పలచగా కనబడుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిందా, చూస్తూ ఉండగానే నల్లబడుతుంది. ఇక బ్రహ్మదేవుడు వచ్చినా పోదు.

నాకు పదిహేడేళ్లప్పుడు అశోకవనం గీస్తున్నాను. సీతమ్మ కింద కూర్చుని ఉంది, హనుమంతుడు పైన కొమ్మల్లో దాక్కుని ఉన్నాడు. ఇద్దరికీ నడుమ, ఖాళీ జాగాలో, కలం నుంచి ఒక చుక్క పడింది. చిక్కుడు గింజంత. రెండు వారాల పని. నాకు ఏడుపు ఒకటే తక్కువ. మా నాయన వచ్చి చూసి తిట్టలేదు. చాలాసేపు చూసి, ‘ఇది పైనుంచి కిందికి పడతా ఉండే పండు’ అన్నాడు. చుక్కకు ఒక తొడిమ పెట్టాడు. తర్వాత సీతమ్మ కళ్లు బొగ్గులోనే ఉన్నాయి కాబట్టి దులిపేసి, ఆ పండు వైపు తిప్పి గీయమన్నాడు.

చూడండన్నా, నేను గీసిన బొమ్మలో ఆమె తల వంచుకుని ఏడుస్తూ ఉండింది. చుక్క పడ్డాక, హనుమంతుడు ఇంకా మాట్లాడకముందే, చెట్టు మీద ఎవరో ఉన్నారని ఆమెకు తెలిసిపోయినట్టుంది. ఆ గుడ్డ కొన్న ఆయన చాలాసేపు ఆ పండునే చూశాడు.

కానీ ఒకటి. పడిన చుక్కలన్నీ పండ్లు కాలేదు. మా ఇంట్లో చుక్క పడి చేతిసంచులైపోయిన గుడ్డలు ఎన్నో. అంతెందుకు, నేను ఈరోజు కూరగాయలకు తీసుకెళ్లిన సంచి మీద సగం రావణాసురుడు ఉన్నాడు.

మీది ఇంకా బొగ్గు దశలోనే ఉంది కదా. భయమెందుకు?

ఎర్రపెన్ను (తిరుపతి)

అందరూ అదృష్టం తలుపు తట్టింది, తీయండి అంటారని తెలుసు. నేను అనను.

పదేళ్లుగా కథలు రాస్తున్నాను, స్నేహితులవి దిద్దుతున్నాను. నా అనుభవంలో అనుకోకుండా వచ్చిన వాటిలో చాలావరకు నా పిరికితనమే వేషం వేసుకుని వచ్చింది. ఒకటి చెప్తాను. మా అత్తగారు పోయిన రోజు గురించి కథ రాశాను. ఆసుపత్రి వార్డులో ఆమె ఊపిరి తీసుకునే తీరు రాయాలి. ఆ వాక్యం దగ్గరికి రాగానే కథలోకి ఒక కుక్కపిల్ల వచ్చింది. మంచాల కింద నుంచి కుంటుకుంటూ వచ్చి నర్సు చెప్పు లాక్కెళ్లింది. ఎంత బాగుందో అనిపించింది. అచ్చయ్యాక చదివినవాళ్లందరూ కుక్కపిల్ల బాగుంది, కుక్కపిల్ల బాగుంది అన్నారు. ఒక్కరూ మా అత్తగారి ఊసెత్తలేదు. ఎత్తరు, ఎందుకంటే ఆమె ముఖం నేను రాయలేదు. ఆ రోజు ఆమె నా చెయ్యి పట్టుకోబోతే నేను ఫోను చూసుకుంటున్నాను. అది రాయలేక కుక్కపిల్లను పెంచుకున్నాను.

అందుకని ఇప్పుడు నాకొక మొండి పద్ధతి. వింత ఆలోచన వస్తే దాన్ని వేరే నోట్‌బుక్‌లో రాసి పక్కన పెడతాను. ముందు అది లేకుండా సీను చివరిదాకా రాస్తాను. బాగున్నా బాగాలేకపోయినా సరే. సీను తన కాళ్ల మీద నడిస్తే ఆ వింత దానికి అక్కర్లేదు, ఇంకో కథకు పనికొస్తుంది. నడవకపోతే అప్పుడు పిలుస్తాను.

మీరు ముందు బావమరిదిని రప్పించండి. సంగటి తిననివ్వండి. ఆ తర్వాత చీర సంగతి చూద్దాం. 1,500 పదాల్లో కొత్త మనిషికి చోటివ్వడమంటే, ఉన్నవాళ్లలో ఎవరినో ఒకరిని దించడమే.

హాస్టల్ మెస్ (తిరుపతి)

మేడమ్, అంత కఠినమా! 1920లలో పారిస్‌లో సర్రియలిస్టులనే రచయితలు, చిత్రకారులు కాగితం మడిచి ఆడిన ఆట ఒకటుంది. ఒకరు ఒక మాట రాసి మడిచి పక్కవాళ్లకు ఇస్తారు. వాళ్లకు ముందు మాట కనబడదు, వాళ్లూ ఒకటి రాస్తారు. చివర్లో విప్పి చదివితే ఎవరూ అనుకోని వాక్యం వస్తుంది. మేం మెస్‌లో సాంబారు కోసం వరసలో నిలబడి ఆడాం. ‘గోవిందరాజస్వామి గుడి పావురం సప్లిమెంటరీ ఫీజు కట్టి దోసె మరిచిపోయింది’ అని వచ్చింది. దాని మీద మా రూమ్మేట్ నిజంగానే కథ రాశాడు. పావురం ఫెయిలైంది.

అన్నా, చీర మనిషిని దించొద్దు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు (చిత్తూరు)

పారిస్ దాకా ఎందుకు నాయనా, మన ఇంటి అరుగు మీదే ఉంది ఆ ఆట.

నేను అవధానాల్లో పృచ్ఛకుడిగా, అంటే అవధానిని ప్రశ్నలడిగేవాడిగా, చాలాసార్లు కూర్చున్నాను. పద్యం అడిగే పాండిత్యం లేక ఎప్పుడూ అప్రస్తుత ప్రసంగమే ఇచ్చేవారు నాకు. తెలియని పిల్లలకు చెప్తున్నాను. అష్టావధానంలో ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు పొంతన లేని నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, అది దత్తపది. నిషిద్ధాక్షరి ఇచ్చే ఆయన ఇంకా దుర్మార్గుడు. అవధాని నోటిదాకా వచ్చిన అక్షరాన్ని పసిగట్టి ‘అది వద్దు’ అంటాడు. అంటే, అలవాటుగా వచ్చే మాటను రానివ్వడు. దాంతో అవధాని తనే ఊహించని మాటలోకి దూకాల్సి వస్తుంది. సభ చప్పట్లు కొట్టేది ఆ దూకుడుకే.

ఇక నా పని, ఆయన పద్యం మధ్యలో ఉండగా సంబంధం లేని ప్రశ్న వేసి చెదరగొట్టడం. ‘అవధాని గారూ, మీ ఆవిడ ఇచ్చిన సరుకుల చీటీ జేబులోనే ఉందా?’ అని ఒకసారి అడిగాను. మామూలు అవధాని అయితే విసుక్కుంటాడు, లేదా ఒక నవ్వు నవ్వి దాటేస్తాడు. ఆయన మాత్రం ‘ఉంది, కానీ అందులో కూడా నిషిద్ధాక్షరాలే ఉన్నాయి, చక్కెర రాయొద్దంది డాక్టరు’ అన్నాడు. సభంతా నవ్వింది. నవ్వు ఆగకముందే, ఆపిన పాదం ఏ అక్షరం దగ్గర ఆపాడో సరిగ్గా అక్కడ ఎత్తుకున్నాడు. తర్వాతి ఆవృత్తంలో, అంటే తర్వాతి చుట్టులో, వర్ణన పద్యానికి వచ్చినప్పుడు తీపి ప్రస్తావన తెచ్చాడు. నా పిచ్చి ప్రశ్న ఆయన పద్యంలోకి పోయింది! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

నువ్వు చేయాల్సింది కూడా అదే అనుకుంటాను. వచ్చినవాడికి జవాబు చెప్పు. కసరొద్దు. కానీ ఏ పాదంలో ఆగావో మరిచిపోవద్దు. ఎర్రపెన్ను అమ్మ చెప్పినదాంట్లోనూ న్యాయముంది, కాకపోతే ఆమె అప్రస్తుతం వాళ్లను సభలోకే రానిచ్చేట్టు లేదు.

ఒక సందేహం. మాతంగి వేషమే ఎందుకు వచ్చింది నీకు? జాతరలో వేషాలు చాలా ఉన్నాయి కదా.

కాటా రూము

మాస్టారూ, అది నాకూ తెలియదు. మా ఊళ్లో జాతర రోజు చీర కట్టుకుని వచ్చేవాళ్లే నాకు బాగా గుర్తు, అందుకేనేమో.

ఎర్రపెన్ను గారు చెప్పినట్టు నిన్న రాత్రి బావమరిదిని రప్పించాను. సంగటి తిన్నారు, గొజ్జు బాగుందన్నారు, ధర పడిపోయిందన్నారు. సీను నడిచింది. కానీ పేపర్లో జిల్లా పేజీ చదివినట్టుంది. తప్పేమీ లేదు, ఎక్కడా అబద్ధం లేదు. ఎందుకో నాకే చదవబుద్ధి కాలేదు.

తాతయ్యగుంట వీధి (తిరుపతి)

మాస్టారు అడిగినదానికి నేను చెప్పొచ్చా? మాది గంగమ్మ గుడి దగ్గరే. ఇంటర్ చదివేటప్పుడు మా అమ్మ మొక్కు తీర్చడానికి నేనే మాతంగి వేషం వేశాను. మా అక్క జాకెట్టు చంకల్లో చిరిగింది, ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. పసుపు కింద చెమట పోస్తే ముఖం మండుతుంది. వేసుకున్న పది నిమిషాలు సిగ్గేస్తుంది, తర్వాత వీధిలో ముసలివాళ్లు కూడా నీకు దండం పెడుతుంటే ఏదోలా అయిపోతుంది.

తిరుపతి జాతర చాటింపుతో మొదలై వారం నడుస్తుంది. రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్ల నామం సుద్ద పూసుకుంటారు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. ఊరికే వేసేవి కావు, దాని వెనక కథ ఉంది. ఒక పాలెగాడు ఊళ్లో ఆడవాళ్లను చెరుస్తూ ఉంటాడు. గంగమ్మ వాడి మీదికి వస్తే పారిపోయి దాక్కుంటాడు. ఆమె వేషాలు మార్చుకుంటూ వీధివీధీ వెతుకుతుంది. దొర వేషంలో వచ్చిన రోజు, ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికి వస్తాడు. ఆమె తల నరుకుతుంది. మాతంగి వేషం దాని తర్వాతే.

మా నాయనమ్మ చెప్పిన ప్రకారం, మాతంగి పోయేది పాలెగాడి పెళ్లాం దగ్గరికి, ఓదార్చడానికి. చంపిన ఆమే ఓదార్చడానికి పోతుంది. చిన్నప్పుడు నాకు ఇది అర్థమయ్యేది కాదు. మొగుణ్ణి చంపి వచ్చి ఏడవొద్దమ్మా అనడమేంటి అని అడిగితే, ‘మరి ఆ ఇంటికి ఇంకెవరు పోతార్రా’ అనేది.

మీ కథలో మాతంగి ఎవరినో ఓదార్చడానికే వచ్చినట్టుంది. సరే. మరి చంపింది ఎవరు?

కాటా రూము

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి. తాతయ్యగుంట వీధి అన్న అడిగిన చివరి మాట చదివాక రెండు రోజులు ఫోన్ తెరవలేదు.

నేను మీకు చెప్పని సంగతి ఒకటుంది. మీకే కాదు, కథకు కూడా చెప్పలేదు. మునిరత్నం నేను కల్పించిన మనిషి కాదు. పేరు మార్చాను. మూడు రాత్రులు కాచుకుని, లోడు చెరువు కట్ట మీద పారబోసి పోయాడని రాశాను కదా. నిజంగా ఆయన పారబోయలేదు. మూడో రాత్రి ఆయన టోకెన్ వచ్చింది. నా కాటా ఎక్కాడు.

లోడుతో 8,100. ఖాళీగా 3,240. నికరం 4,860 కిలోలు. ఆ అంకెలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. కాయ మెత్తబడిందని, నూటికి ఐదు తరుగు తీయమని లోపలి నుంచి ఫోన్ వచ్చింది. 243 కిలోలు. కాయ మెత్తబడింది మా గేటు బయటే కదా అని నాకు తోచలేదని కాదు, తోచింది. తోస్తుండగానే స్లిప్పు మీద 243 కొట్టేసి 4,617 రాసి సంతకం పెట్టాను. 8 రూపాయల లెక్కన 1,944 పోయింది. ప్రభుత్వం ఇచ్చే 4 కూడా కలుపుకుంటే 2,916.

ఆయన స్లిప్పు చూసి ఏమీ అనలేదు. నాకు అది ఇంకా కష్టమైంది. ఫ్లాస్కులో టీ ఉంటే కప్పులో పోసి ఇచ్చాను. ‘బాధపడొద్దు సామీ, ఈ ఏడు అందరికీ ఇట్లే ఉంది’ అన్నాను. ఆయన టీ తాగి, కప్పు కడిగి కిటికీలో పెట్టిపోయాడు. కడిగి పెట్టాడు. అది చెప్పడానికే నాకు ఏడాది పట్టింది.

చంపింది ఎవరని అడిగారు. ఓదార్చింది కూడా నేనే.

నేను రాసిన కథలో వేబ్రిడ్జే లేదు, గమనించారా? గేటు బయట మూడు రాత్రులూ ఉన్నాయి, గేటు లోపల ఒక్క నిమిషం కూడా లేదు. ఆయన్ను లోపలికి రానీయకుండా చెరువు కట్టకు పంపేశాను. చీర మనిషి ట్రాక్టరు ఎక్కాక నేను ముందుకు రాయలేకపోయింది అందుకే అనుకుంటాను. ఎర్రపెన్ను గారూ, మీ కుక్కపిల్ల మిమ్మల్ని తప్పించడానికి వచ్చిందన్నారు. నాకు తిరగబడింది. చెరువు కట్ట నా కుక్కపిల్ల. పథకం వేసుకుని, ఎంతో ఆలోచించి పెట్టుకున్నది అదే.

మళ్లీ మొదటి నుంచి రాశాను. ఇప్పుడు కథంతా ఒకటే రాత్రి. చీర మనిషి కాయల మీద కూర్చుంటాడు. జాతర ఎప్పుడో అయిపోయింది కదా అని మునిరత్నం అడుగుతాడు. ‘నాకు ఇంకా విప్పమని చెప్పలేదు’ అంటాడు. మే, జూలై తేడా సంగతి అంతటితో వదిలేశాను, అంతకు మించి సర్దడం నాకు చేతకాలేదు. చీర అంచు మాసిపోయి ఉంటుంది, పసుపు చెమటకు చారలు చారలుగా కారిపోయి ఉంటుంది. జాకెట్టుకు మాత్రం ఒక బాల్‌పెన్ను గుచ్చి ఉంటుంది. దాని గురించి ఇంకేమీ చెప్పలేదు.

మునిరత్నం మంచి కాయ ఏరి ఇస్తాడు. చీర మనిషి దాన్ని తినడు. అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి బరువు చూస్తాడు. ‘ఇది కొంచెం తక్కువుంది సామీ’ అంటాడు. మా ఆవిడ ముందు నవ్విన చోటే ఈసారి కూడా నవ్వింది. తర్వాత ఆ కాగితం కింద పెట్టి, ‘ఆ పెద్దాయన కప్పు కడిగినాడా నిజంగా?’ అని అడిగింది. ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. కడిగినాడన్నాను. ఆమె లేచి పోయి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఆ రాత్రి మరేమీ మాట్లాడలేదు.

ముగింపు ఇంకా సరిగా రాలేదు. తెల్లవారుజామున టోకెన్ పిలుస్తారు. మునిరత్నం బండి కదిలించేలోపు చీర మనిషి చక్రం మీదుగా దిగి, గేటు లోపలికి, వేబ్రిడ్జి గది వైపు ముందుగా నడిచి పోతాడు. అక్కడ ఆపాను. లోపల ఏం జరిగిందో రాయలేదు. ఇది మళ్లీ తప్పించుకోవడమేనా, లేక చాలా, నాకు తెలియడం లేదు.

బొగ్గుపుల్ల తమ్ముడూ, మీ నాయన తొడిమ పెట్టిన సంగతి రోజూ గుర్తొస్తోంది. మాస్టారూ, ఆపిన పాదం ఏదో నాకు ఇప్పుడు తెలిసింది, ‘వెనక చక్రం మీద కాలు పెట్టి ఎవరో పైకెక్కారు’ అన్నదే. దాన్ని కథ మొదటి వాక్యం చేశాను.

మొత్తం 1,830 పదాలైంది. 330 తీయాలి. గడువు తొమ్మిది రోజులు. ఎర్రపెన్ను గారూ, పంపితే చూస్తారా?

ఎర్రపెన్ను (తిరుపతి)

పంపండి. మీ ఫ్యాక్టరీ కన్నా ఎక్కువే తరుగు తీస్తాను, ముందే చెప్తున్నా. కప్పు కడిగే వాక్యం కథలో ఉందా? మీరు చెప్పిన కొత్త కథలో అది నాకెక్కడా కనబడలేదు.

కాటా రూము

లేదు. ఈ రాత్రి డ్యూటీలో రాస్తాను.